మా పాతబస్తీ ఫోటోలు పోగుచేసినాం: నా అనుభవం

కర్నూలు అనగానే బయటి ఊళ్లవాళ్లకి కొండారెడ్డి బురుజే గుర్తొస్తుంది, అది కూడా సినిమాల్లో చూసి. బురుజు దాటితే అటు తుంగభద్ర, ఇటు హంద్రీ, ఆ రెండు నదుల మధ్య ఇరుకు గేర్లలో, అంటే సందుల్లో, ఉండే జనం సంగతి ఎవరికీ పెద్దగా తెలీదు. నేను ఆ గేర్లలోనే పుట్టి పెరిగాను. మా బస్తీ పాత ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టాలని నాకూ, నాతో చదువుకున్న కొందరికీ ఎప్పటినుంచో కోరిక. అది ఎట్లా జరిగిందో రాస్తున్నా, ఇంకో ఊళ్లో ఇంకెవరైనా మొదలుపెడితే పనికొస్తుంది.

తేదీ విషయంలో మాకు ఆలోచించే పనే లేకపోయింది, అక్టోబర్ 1, 2 అనుకున్నాం. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయ్యారనీ, ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేశారనీ పోటీ పరీక్షలు రాసే పిల్లలు ఎవరైనా చెప్తారు. కానీ ఆ గుమాస్తాలు ఎవరింట్లో బాడుగకున్నారు, ఎక్కడ తిన్నారు, వాళ్ల పిల్లలు ఎవరితో ఆడుకున్నారు? ఇవన్నీ ఇప్పుడు ఎనభై దాటినవాళ్లకే తెలుసు. వాళ్లు ఉండగానే అడగకపోతే ఇంక అడగడానికి ఎవరూ ఉండరని నా టెన్షన్ అంతా.

అసలు కష్టం ఏందంటే మా దగ్గర ఫోటోలు మిగలలేదు. 2009 అక్టోబర్ 2న వరద వచ్చినప్పుడు పాతబస్తీలో కింది ఇళ్లన్నీ మునిగిపోయాయి, రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్‌లు అన్నీ బురదలో కలిసిపోయాయి. మిద్దె ఉన్న ఇళ్లలో పైకి మోసుకున్నవే కొన్ని మిగిలాయి. అందుకే మేము మిద్దె ఇళ్లతోనే మొదలుపెట్టినాం. బండిమెట్ట, గడియారం ఆసుపత్రి చుట్టుపక్కల, తలుపు తట్టి, మేము ఫలానావాళ్ల పిల్లలమని చెప్పుకుంటూ తిరిగినాం.

ఫోటో ఇవ్వండి అంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం కూడా. ఒకసారి అన్నీ పోగొట్టుకున్నవాళ్లు మిగిలిన ఒక్కటి మన చేతిలో ఎందుకు పెడతారు? కాబట్టి స్కానరే వాళ్లింటికి మోసుకుపోయినాం. ఆరువందల డీపీఐలో (అంగుళానికి ఆరువందల చుక్కలు) వాళ్ల కళ్లముందే స్కాన్ చేసి, ఫోటో తిరిగి వాళ్ల చేతికిచ్చి, తర్వాత ఒక కాపీ ప్రింట్ తీసి ఇచ్చినాం. ఈ పద్ధతి తెలిసినాక పక్కింటివాళ్లే పిలవడం మొదలుపెట్టారు.

ఒక జేజి తన పెళ్లి ఫోటో పటం తెచ్చింది. వరద నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఫోటో మీద గోధుమరంగు గీత పడింది, మొహాలు అద్దానికి అంటుకుపోయాయి. మాలో ఒకడు అద్దం తీయబోతుంటే, ముందు స్టూడియో నడిపిన ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "గుంజొద్దు నాయనా, గుంజితే మొహం అద్దంతోనే వచ్చేస్తది." అద్దం అట్లాగే ఉంచి, కిటికీ పక్క నీడలో, మెరుపు పడకుండా మా వెనక నల్లగుడ్డ పట్టుకుని కెమెరాతో తీసినాం. పెళ్లికూతురి ముక్కుపుడకతో సహా కనపడింది. ఒకదానికొకటి అంటుకున్న పాత నలుపు తెలుపు స్టూడియో ఫోటోలైతే చల్లటి శుభ్రమైన నీళ్లలో పెట్టి అవే విడిపోయేదాకా కాచుకోవాలి, తర్వాత బొమ్మ పైకి ఉండేటట్టు గుడ్డమీద నీడలో ఆరబెట్టాలి. వెనక పేర్లు రాయాలంటే పెన్సిలే, బాల్ పెన్ను ఒత్తితే ముందువైపు అచ్చు పడుతుంది.

మాటలు రికార్డు చేసేటప్పుడు ఒకటి అర్థమైంది. "చరిత్ర చెప్పండి" అంటే మాకేం తెలుసప్పా అని తప్పుకుంటారు. "నీళ్లు యాడనుంచి తెచ్చుకునేవాళ్లు?" అని అడిగితే చాలు, గంటసేపు చెప్తారు. ఒకావిడ వాళ్ల మిద్దెమీద సెక్రటేరియట్ గుమాస్తా కుటుంబం ఉండేదని చెప్పింది. "ఆ కోస్తా అమ్మకి జొన్నరొట్టె కొట్టేది రాదు, నేనే నేర్పించినా. హైదరాబాదు పోయేటప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది." వాళ్లిద్దరూ మిద్దెమీద నిలబడి దిగిన ఫోటో ఆమె దగ్గర ఇంకా ఉంది. గుడారాల గురించి ఎంత చదివినా నాకు ఆ కాలం అంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇంక స్థలం. బురుజు దగ్గరే పెట్టాలని మా పిల్లోళ్ల పట్టు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, లోపల సభగానీ ప్రదర్శనగానీ పెట్టాలంటే ముందే అనుమతి ఉండాలి. దానికి టైము చాలదని ఇంకో ఆఫీసులో హాలు కోసం అర్జీ పెట్టినాం. ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి తిప్పారే గానీ ఔననీ కాదనీ చెప్పలేదు. చివరికి ఒక బడి హెడ్మాస్టరు గారు దసరా సెలవులు కదా, వరండా వాడుకోండి అన్నారు. ముందే బడిని అడగండి, నా సలహా అదే.

ఫోటోల కింద రాతలన్నీ తెలుగులో, ఉర్దూలో పెట్టినాం. ఉర్దూ ఒక రిటైర్డ్ మాస్టారు చేత్తో రాసిచ్చారు. 1839లో ఇంగ్లీషువాళ్లు దించేదాకా నవాబులు ఏలిన ఊరు ఇది, హంద్రీ ఒడ్డున ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీ, అదే గోల్ గుమ్మజ్, ఇంకా నిలబడి ఉంది. ఉర్దూ లేకుండా పెడితే సగం బస్తీని బయట నిలబెట్టినట్టే అయ్యేది. మొదటి రోజు రాజధాని ఫోటోలు, రెండో రోజు వరద ఫోటోలు. ప్రతి ఫోటో పక్కన ఖాళీ చీటీలు, పెన్సిలు పెట్టినాం, గుర్తుపట్టినవాళ్లు పేర్లు రాయండని. సాయంత్రానికి చీటీలు అయిపోయాయి. ఎవరో తెలీని గ్రూప్ ఫోటోలో వెనక వరస అంతా పేర్లతో నిండింది.

ఇప్పుడు కేసీ (కర్నూలు-కడప) కాలువలో పడవలు తిరిగిన రోజుల ఫోటోలు వెతుకుతున్నాం, నీళ్లు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్విన కాలువ అది. మీది కర్నూలైతే, భోగికి ఇల్లు సర్దేటప్పుడు అటక మీది పాత కాగితాలు, చెదలు పట్టిన ఆల్బమ్‌లు మంటలో వేయకండి. మాకు ఒక్క మాట చెప్పండి, స్కానర్ తీసుకుని మీ ఇంటికే వస్తాం.