ముసలి డ్రాగన్ మీద మా ఇంటి పంచాయితీ

పదిహేనేళ్ళ వయసులో మావాడు స్కైరిమ్ అనే వీడియోగేమ్ ఆడతానని అడిగాడు. చూస్తే 17 ఏళ్ళు నిండినవాళ్ళకే అని రేటింగు ఉంది. నేను వద్దన్నాను. వాడు వారం రోజులు ముభావంగా తిరిగాడు. చివరికి మా ఆయన మధ్యలో పడి ఒప్పందం కుదిర్చారు. కంప్యూటర్ హాల్లోనే ఉండాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోకూడదు. నేను అడిగినప్పుడల్లా తెర మీద ఏం జరుగుతోందో తెలుగులో చెప్పాలి. ఆ మూడో షరతు నాది. అప్పటికి వాడి తెలుగు "అన్నం వద్దు", "ఐదు నిమిషాలు" దగ్గర ఆగిపోయి ఉంది. ఇలాగైనా నాలుగు వాక్యాలు మాట్లాడతాడని నా ఆశ.

మొదటి రోజు గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తూ వాడి పక్కన కూర్చున్నాను. తెర మీద ఒక గుర్రబ్బండి, అందులో చేతులు కట్టేసిన నలుగురు ఖైదీలు. వాళ్ళలో ఒకడు మనమే. "ఏం తప్పు చేశాడు?" అన్నాను. "బార్డర్ దాటుతున్నాడమ్మా. వీళ్ళతో పాటు దొరికిపోయాడు" అన్నాడు. బండి హెల్గెన్ అనే ఊళ్ళో ఆగింది. ఒక సైనికుడు జాబితా పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. మన మనిషి పేరు అందులో లేదు. ఏం చేయమంటారని అతను అడిగితే, జాబితా సంగతి వదిలెయ్, ఇతన్నీ నరికించమని చెప్పింది పై అధికారి.

నా చేతిలో పని ఆగిపోయింది. మేం గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి అప్పటికి పదకొండేళ్ళు. పేరు ఉందో లేదో అన్న టెన్షన్, అద్దానికి అవతల కూర్చున్న మనిషి ఒక్క మాటతో బతుకు అటో ఇటో అయ్యే క్షణం, వీసా స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ నేను అనుభవించినవే. మావాడు ఇక్కడే పుట్టాడు. వాడికి ఆ భయం అంటకూడదని నేనూ మా ఆయనా ఆ మాటలన్నీ పిల్లలు పడుకున్నాకే మాట్లాడుకునేవాళ్ళం. వాడు ఆట ఆపి నా వైపు తిరిగాడు. "మీకూ ఇలాగే ఉంటుందా అమ్మా?" అని అడిగాడు. అంటే ఇన్నాళ్ళూ పడుకోకుండా వింటున్నాడన్నమాట.

ఆ రోజు నుంచి నేను కాపలాకి కూర్చోవడం మానేసి వినడానికి కూర్చున్నాను.

ఈ ఆట తయారైంది మా పక్క ఊళ్ళోనే. మేముండేది మేరీల్యాండ్‌లోని గెయిథర్స్‌బర్గ్. దీన్ని చేసిన బెథెస్డా స్టూడియో పక్కనే రాక్‌విల్‌లో ఉంది. 2011 నవంబరు 11న విడుదలైంది. 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయని దర్శకుడు టాడ్ హవర్డ్ 2023లో చెప్పారు. ఆడినవాళ్ళందరికీ ఏదో ఒక అసంతృప్తి ఉంది. కత్తియుద్ధం మొరటుగా ఉంటుందని కొందరు, అసలు కథ తొందరగా అయిపోతుందని కొందరు అంటారు. మా ఆయన ఆఫీసులో ఒకాయన 2002లో ఇదే వరసలో వచ్చిన మోరోవిండ్ నుంచి ఈ ఆటలు ఆడుతున్నారు. అందులో గాల్లో తేలే మంత్రం ఉండేదట. బలం, తెలివి వంటివి విడివిడిగా పెంచుకోవాల్సి వచ్చేదట. స్కైరిమ్‌లో వాటిని తీసేసి ఆరోగ్యం, మంత్రశక్తి, ఓపిక అని మూడింటికి కుదించారని ఆయన బాధ. ఆ చర్చలు నాకు అంతగా పట్టవు. నన్ను పట్టుకున్నవి రెండే ప్రశ్నలు. ఇన్నేళ్ళయినా ఆటగాళ్ళు వాటి మీద రాజీ పడలేదు.

మొదటిది అంతర్యుద్ధం. స్కైరిమ్ అంటే ఆ ఆటలోకంలో ఉత్తరాన ఉన్న మంచు దేశం. అక్కడి నోర్డ్‌లు టాలోస్‌ని దేవుడిగా కొలుస్తారు. ఆ దేశాన్ని ఏలే, యుద్ధంలో చితికిపోయిన సామ్రాజ్యం థాల్మోర్ అనే ఎల్ఫ్‌ల (మొనదేలిన చెవుల కల్పిత జాతి) కూటమితో సంధి చేసుకుని, వాళ్ళ షరతు ప్రకారం ఆ పూజను నిషేధించింది. ఉల్‌ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ అనే నోర్డ్ నాయకుడు తిరగబడ్డాడు. సామ్రాజ్యం వైపా, ఉల్‌ఫ్రిక్ వైపా అన్నది ఆటగాడి ఇష్టం. నేను క్షణం కూడా ఆలోచించలేదు. అల్లూరి సీతారామరాజు కథ వింటూ పెరిగినదాన్ని. ఒకరి దేవుణ్ణి కొలవొద్దని శాసనం చేసినవాళ్ళ పక్షాన ఎలా నిలబడతాం? "ఉల్‌ఫ్రిక్ దగ్గరికి వెళ్ళు" అన్నాను.

వాడు సరేనని నన్ను ఉల్‌ఫ్రిక్ రాజధాని విండ్‌హెల్మ్‌కి తీసుకెళ్ళాడు. కోట తలుపు దాటగానే ఇద్దరు నోర్డ్‌లు ఒక డార్క్ ఎల్ఫ్ స్త్రీని పట్టుకుని అరుస్తున్నారు. మా తిండి తింటున్నారు, మా ఊరిని పాడు చేస్తున్నారు, మీరంతా సామ్రాజ్యం గూఢచారులేమో అని. ఆ ఎల్ఫ్‌లు మోరోవిండ్ అనే పక్క దేశంలో అగ్నిపర్వతం పేలినప్పుడు శరణార్థులుగా వచ్చినవాళ్ళు. గ్రే క్వార్టర్ అనే ఇరుకు సందుల్లో ఉంటారు. బల్లి రూపం ఉన్న ఆర్గోనియన్లు ఓడరేవులో మూటలు మోస్తారు. వాళ్ళను కోటలోకి రానివ్వరు. పిల్లి ముఖాల ఖజీత్ వర్తకులు ఏ ఊరికి వెళ్ళినా గోడ బయటే గుడారం వేసుకోవాలి. మావాడు ఎంచుకున్న పాత్ర ఖజీత్.

"ఎల్ఫ్‌లు వచ్చి రెండు వందల ఏళ్ళు అయిందమ్మా. ఇంకా వలసవాళ్ళే అంటున్నారు" అన్నాడు. కాసేపాగి, "ఉల్‌ఫ్రిక్ గెలిస్తే మనం ఎక్కడ ఉంటాం?" అని అడిగాడు. ఆ "మనం" అన్న మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక కిరాణా కొట్టు పార్కింగులో ఎవరో నా చీర చూసి కారు అద్దం దించి ఏదో అరిచి వెళ్ళిపోయాడు. అప్పుడు వీడు వెనక సీట్లో నిద్రపోతున్నాడు. ఆ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అయినా నా మాట నేను పూర్తిగా వదులుకోలేదు. గుడి మూయించడం తప్పే అన్నాను. వాడు మార్కార్త్ అనే ఊరి గురించి చెప్పాడు. ఆ లోయలు తమవని పోరాడే స్థానికులు ఉన్నారు. వాళ్ళ చేతి నుంచి ఆ ఊరిని లాక్కున్నది ఇదే ఉల్‌ఫ్రిక్. నోర్డ్‌ల కంటే ముందు ఆ దేశంలో ఉన్న మంచు ఎల్ఫ్‌ల సంతతి ఇప్పుడు గుహల్లో గుడ్డివాళ్ళుగా బతుకుతోంది. ఇక ఈ నేల ఎవరిదని తేలుస్తాం? మా ఇల్లున్న ఈ నేల కూడా పిస్కటవే తెగ వారిదని వాడు స్కూల్లో చదువుకున్నాడు. ఆ మాటా ఆ రోజే వచ్చింది. ఆటలో థాల్మోర్ రాయబార భవనంలో ఒక రహస్య పత్రం దొరుకుతుంది. ఈ యుద్ధం ఎంతకాలం సాగితే తమకంత లాభమని అందులో రాసుకున్నారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు. అది చదివాక వాడు ఏ పక్షమూ చేరలేదు. రెండు వర్గాలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి తాత్కాలికంగా పోరు ఆపించే దారి ఒకటుంది. అదే పట్టాడు. బల్ల దగ్గర నుంచి ఎవరూ సంతోషంగా లేవలేదు. వాడికీ తృప్తి లేదు. నాకైతే వాడు చేసింది నచ్చింది, చెప్పాను కూడా.

మధ్యలో ఒక చేదు రాత్రి ఉంది. వాడి లెక్కల నోట్‌బుక్కు అంచుల్లో గోళ్ళతో గీరినట్టున్న గీతలు కనబడ్డాయి. ఆటలోని డ్రాగన్ల భాషకి ఉన్న లిపి. 34 అక్షరాలు. రెండు వారాల్లో నేర్చేసుకున్నాడు. ఆరేళ్ళు ప్రతి ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్ళాను, మంచులో కూడా. గుణింతాలు దాటలేదు. లేని భాషకి దొరికిన ప్రేమ మా భాషకి దొరకలేదని ఆ రాత్రి ఏడ్చాను. పొద్దున్న వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. "చూడమ్మా, దీర్ఘం ఆకి ఒకటే అక్షరం. ఈకి ఒకటి, ఊకి ఒకటి. మనకి ఉన్నట్టే. ఇంగ్లీషులో ఇలా లేదు" అన్నాడు. "మనకి" అన్నాడు. నేను ఒక తెల్లకాగితం తెచ్చాను. డ్రాగన్ మాటలను తెలుగు అక్షరాల్లో రాయమన్నాను. ఫుస్ రో దా అని రాశాడు. బలం, సమతూకం, తోపు. "తెలుగులో దా అంటే రమ్మని కదా? ఇక్కడ దా అంటే తోసెయ్యడం" అని వాడే పట్టుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. ఎవరూ బలవంతం చేయకుండా వాడు రాసిన మొదటి తెలుగు అది.

రెండో ప్రశ్న దగ్గరికి వస్తాను. పెద్ద పంచాయితీ అక్కడే.

కథలో ఒక చోట హై హ్రోత్‌గార్ అనే కొండ మీది మఠానికి ఎక్కాలి. ఏడు వేల మెట్లని పేరు. దారి పొడవునా రాతిపలకలు, మంచులో ఒకరిద్దరు యాత్రికులు. "అలిపిరి!" అన్నాడు మావాడు. తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నగారి చెయ్యి పట్టుకుని ఆ 3,550 మెట్లూ ఎక్కాడు. ఆ మఠానికి పైన శిఖరం మీద పార్థూర్నాక్స్ అనే ముసలి డ్రాగన్ ఒంటరిగా ధ్యానం చేసుకుంటూ ఉంటుంది. పూర్వం లోకాన్ని మింగబోయిన ఆల్డూయిన్ అనే డ్రాగన్‌కి కుడిభుజంగా ఉండి మనుషుల్ని పీడించింది. తర్వాత మనసు మార్చుకుని మనుషులకే డ్రాగన్ల విద్య నేర్పింది. దానితోనే మనుషులు గెలిచారు. మనకీ గురువు అదే. కొంత కథ నడిచాక బ్లేడ్స్ అనే డ్రాగన్ వేటగాళ్ళ దళానికి చెందిన డెల్ఫీన్, ఎస్బర్న్ వచ్చి, దాన్ని చంపు, లేకపోతే నీకు ఇక మా సాయం ఉండదంటారు. చేసిన పాపానికి శిక్ష పడాలి కదా అన్నది వాళ్ళ వాదం.

ఆటగాళ్ళలో చాలామంది డెల్ఫీన్‌ని తిట్టుకుంటారు. మా ఇంట్లో ఆమె పక్షాన గట్టిగా నిలబడింది మా పన్నెండేళ్ళ పాప. ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో తెనాలి నుంచి మా నాన్నగారు ఉన్నారు. ఈ గొడవ ఏమిటని అడిగితే మావాడు మొత్తం తెలుగులో చెప్పాల్సి వచ్చింది. మాటలు వెతుక్కున్నాడు. "రోజూ దానికి మళ్ళీ చెడ్డగా అవ్వాలనిపిస్తుంది తాతయ్యా. రోజూ ఆపుకుంటుంది. నన్ను నమ్మకపోవడమే మంచిదని అదే చెప్తుంది" అన్నాడు. ఇంటిని, తిండిని దాటి వాడి నోట అంత తెలుగు నేను వినడం అదే మొదలు.

"అయితే విభీషణుడన్నమాట" అన్నారు నాన్నగారు. ఆల్డూయిన్‌కి తమ్ముడే అని మావాడు అందుకున్నాడు. మా ఊళ్ళో ఎవరినైనా విభీషణుడు అంటే అది మెచ్చుకోలు కాదు, ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత ముందు గుర్తొస్తుంది. మా వీధిలో ఏ పిల్లాడికీ ఆ పేరు పెట్టగా నేను చూడలేదు. నాన్నగారు మాత్రం సముద్రం ఒడ్డున జరిగిన చర్చ గురించి చెప్పారు. శత్రువు తమ్ముడు, నమ్మొద్దు, చంపేద్దామన్నాడు సుగ్రీవుడు. చేర్చుకోమన్నాడు హనుమంతుడు. శరణన్నవాడు రావణుడే అయినా అభయమిస్తానన్నాడు రాముడు.

"డెల్ఫీన్ సుగ్రీవుడు" అన్నాడు మావాడు.

"కానీ విభీషణుడు ఎవర్నీ చంపలేదుగా? ఈ డ్రాగన్ చంపింది. సారీ చెప్తే చచ్చిపోయినవాళ్ళు వస్తారా?" అంది పాప.

అటువైపు కాసేపు మాట లేదు. ఫోన్ ఆగిపోయిందనుకున్నాను. "నలభై ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నాను తల్లీ, చనిపోయినవాళ్ళ సంగతేమిటని నన్నెవరూ అడగలేదు. ఆలోచించుకుని వచ్చే వారం చెబుతాను" అన్నారు నాన్నగారు. ఆ తర్వాత వారం వారం ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. పార్థూర్నాక్స్ అనడం కష్టమై దాన్ని పార్థూ అని పిలుస్తారు. పాప ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోమని నేనూ చెప్పను. అది గట్టి ప్రశ్న.

మావాడు డ్రాగన్‌ని చంపలేదు. కానీ ఈ ఆటలో ఒక ఇబ్బంది ఉంది. చంపనని డెల్ఫీన్ ముఖం మీద తేల్చి చెప్పే వీలు లేదు. ఆ పని జాబితాలో పూర్తి కానిదిగానే ఎప్పటికీ ఉండిపోతుంది, బ్లేడ్స్ మనతో సరిగా మాట్లాడరు. ఇది నచ్చక ఆటగాళ్ళే ఒక మోడ్ (ఆటను మార్చే చేర్పు) తయారుచేసుకున్నారు. అది వేసుకుంటే ఆమెను ఎదిరించవచ్చు, సాయమూ పోదు. చాలామంది వాడతారట.

వచ్చే నెలలో వాడు కాలేజీకి వెళ్తున్నాడు. నిన్న రాత్రి కంప్యూటర్ సర్దుతూ పాత ఆట ఒకసారి తెరిచాడు. ఆ పని ఇంకా అక్కడే ఉంది. "ఆ మోడ్ వేసుకోవచ్చుగా, అది పోతుంది కదా" అన్నాను.

"వద్దమ్మా. చెల్లికి ఇంకా జవాబు చెప్పలేదుగా. ఉండనీ" అన్నాడు.