గల్ఫైనా సింగపూరైనా: ఊరి నంబరు ఓటీపీకి, అక్కడి సిమ్ నెట్టుకి

ఉద్దానం నుంచి బయటి దేశం వెళ్ళే వెల్డర్, రిగ్గర్, పైప్ ఫిట్టర్ ఎవరిని కదిపినా వీసా, మెడికల్, టికెట్టు గురించి గడగడా చెప్పేస్తారు. ఫోను సంగతి అడిగితే మాత్రం దిగాక చూసుకుందాంలే అంటారు. ఇవి దిగాక చూసుకునే పనులు కావు. సోంపేటలోనో పలాసలోనో రాజాంలోనో ఉండగానే సగం అయిపోవాలి. విమానం ఎక్కాక చెయ్యబోతే కొన్ని అస్సలు అవ్వవు, కొన్ని అవుతాయి గానీ డబ్బులు తినేస్తాయి.

ఇండియా సిమ్‌కి ఒకటే పని: బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ అందుకోవడం. దాని మీద నెట్టు ఒక్క ఎంబీ కూడా నడవకూడదు. నెట్టంతా అక్కడ కొనే సిమ్ మీదే. ఈ రెండు పనులూ ఒకే సిమ్‌తో చేద్దామనుకునేవాళ్ళకే బిల్లు వాచిపోతుంది. ఇక్కడి సిమ్‌నే బయటి దేశంలో నడిపించుకోవడాన్ని రోమింగ్ అంటారు. ఇక్కడి కంపెనీల రోమింగ్ ప్యాకులు మూడు నాలుగు రోజులు వెళ్ళొచ్చేవాళ్ళకి పరవాలేదు. రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళేవాళ్ళు వాటి జోలికి పోనక్కర్లేదు.

ముందు ఇండియా సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి. ఎయిర్‌టెల్, జియో, వీఐ వాళ్ళ యాప్‌లలోనే ఆ అవకాశం ఉంటుంది. బీఎస్‌ఎన్‌ఎల్ అయితే దగ్గర్లో ఉన్న కస్టమర్ సెంటర్‌కి వెళ్ళి, మీరు వెళ్ళే దేశం పేరు చెప్పి, అక్కడ పనిచేస్తుందా అని అడిగి మరీ చేయించుకోండి. ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందే ఇది అయిపోవాలి. ఎందుకంటే ఆన్ కాకపోతే అక్కడ ఆ సిమ్‌కి సిగ్నలే దొరకదు. సిగ్నల్ లేకపోతే ఓటీపీ లేదు, ఓటీపీ లేకపోతే అక్కణ్ణుంచి బ్యాంకు పని ఏదీ సాగదు. రోమింగ్‌లో మామూలుగా వచ్చే మెసేజ్‌కి చార్జి ఉండదు. డబ్బు పోయేది ఫోన్ కాల్ ఎత్తినప్పుడు, మెసేజ్ పంపినప్పుడు, నెట్టు నడిచినప్పుడు.

తరవాత రీచార్జి. ప్లాను అయిపోయిన కొద్ది రోజులకే వచ్చే మెసేజ్‌లు ఆగిపోతాయి. ఆ పైన, ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్సు కూడా లేకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని తీసేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అదే నంబరు మీ బ్యాంకు ఖాతాకీ ఆధార్‌కీ కట్టి ఉంటుంది. ఆ ఇంకొకరికి మీ ఓటీపీలు వెళ్ళడం మొదలయ్యాక జరిగేదేమిటో వేరే చెప్పాలా. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చడంతో నెట్టు లేకుండా మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు వచ్చాయి. వీటి గడువు ఏడాది దాకా ఉండొచ్చు. దూరదేశంలో ఉన్న సిమ్‌కి కావలసింది సరిగ్గా అదే. రోజుకి 2 జీబీ ఇచ్చే ప్లాను వేసి పెట్టడం దండగ. రీచార్జి ఇంటి దగ్గరివాళ్ళు ఊళ్ళో కొట్లోనైనా వేయించొచ్చు. గడువు తేదీ మాత్రం ఇద్దరూ రాసి పెట్టుకోండి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడ. ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లను కొత్త ఫోన్‌లో వేసినా, తీసేసి మళ్ళీ వేసినా, అవి మీ ఇండియా సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపి నంబరు సరిచూసుకుంటాయి. విదేశంలో ఆ మెసేజ్ బయటికి వెళ్ళాలంటే రోమింగ్ ప్యాకో బ్యాలెన్సో కావాలి. ఒక్కోసారి అవి ఉన్నా వెళ్ళదు. అందుకని కొత్త ఫోను కొనే ఆలోచన ఉంటే ఊళ్ళోనే కొని, యాప్‌లన్నీ ఇక్కడే వేసుకుని బయల్దేరండి. అక్కడికెళ్ళి ఫోను బాగుందని మార్చారా, ఆ యాప్‌లు మళ్ళీ సెలవు మీద వచ్చేదాకా మూలపడతాయి. వాట్సాప్ ఇండియా నంబరు మీదే ఉంచుకోండి, అక్కడి నంబరుకి మార్చకండి. ఇండియా సిమ్ ఫోన్‌లోనే ఉండటం ఇప్పుడు మరీ అవసరం. 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ, సిమ్ ఫోన్‌లో ఉంటేనే వాట్సాప్ లాంటి యాప్‌లు నడిచేలా చూడాలని ఆ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. సిమ్ తీసి పర్సులో దాచుకునే అలవాటు మానుకోవాలి. కాబట్టి రెండు సిమ్‌లు పట్టే ఫోనే పట్టుకెళ్ళండి.

ఇక ఫోను లోపలి సెట్టింగులు. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది. చాలా ఫోన్లలో, ఒక సిమ్ నెట్టు మందగిస్తే దానంతటదే రెండో సిమ్ నెట్టుకి మారిపోయే ఏర్పాటు ఉంటుంది. శామ్‌సంగ్‌లో ఆటో డేటా స్విచింగ్ అంటారు, ఐఫోన్‌లో అలౌ సెల్యులార్ డేటా స్విచింగ్. దాన్ని ఆపేయాలి. డేటా రోమింగ్ పొరపాటున ఆన్‌లో ఉండిపోతే, క్యాంపు గదిలో అక్కడి సిమ్ సిగ్నల్ పడిపోయినప్పుడు ఇండియా సిమ్ మీద గప్‌చిప్‌గా నెట్టు నడిచిపోయేది దీనివల్లే. ఐఫోన్ అయితే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ అవడానికి ఫోను తనంతట తానే బయటి దేశానికి ఒక మెసేజ్ పంపుతుంది. వాడని వాళ్ళు వాటిని ఆపి వెళ్ళడం మేలు. కాల్ ఫార్వర్డింగ్ ఎప్పుడైనా పెట్టి ఉంటే ##002# కొట్టి రద్దు చేయండి. లేకపోతే మీరు ఎత్తని కాలుకి కూడా రెండు వైపులా చార్జి పడే అవకాశం ఉంది.

దిగాక ఇండియా సిమ్‌కి సిగ్నల్ చూపించినా ఓటీపీ రాలేదంటే కంగారుపడి బ్యాంకుకి చెయ్యకండి. నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, జాబితాలో ఉన్న ఇంకో కంపెనీని ఎంచుకుని, ఫోను ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. ఎక్కువసార్లు దీనితోనే కుదురుతుంది. సింగపూర్‌లో 2017లోనే 2జీ పోయింది, 2024లో 3జీ కూడా పోయింది.  పాత ఫోన్‌లో ఉన్న ఇండియా సిమ్ 4జీ రోమింగ్ పట్టకపోతే సింగపూర్‌లో పలకదు.

అక్కడ సిమ్ కొనే విషయం. విమానాశ్రయంలో అమ్మేవి టూరిస్టు సిమ్‌లు. ధర ఎక్కువ, గడువు తక్కువ. ఏజెంటు తాలూకు మనిషి తీసుకెళ్ళడానికి వస్తే మొదటి రోజు విమానాశ్రయం వైఫైతో నెట్టుకొచ్చేయొచ్చు. ఎవరూ రాకపోతే అతి చిన్న ప్యాకు ఒకటి తీసుకోండి, అంతే. తరవాత మీ పేరు మీద, మీ గుర్తింపు కార్డు మీద సిమ్ తీసుకోవాలి: యూఏఈలో ఎమిరేట్స్ ఐడీ, సౌదీలో ఇఖామా, సింగపూర్‌లో వర్క్ పర్మిట్. సౌదీలో వేలిముద్ర కూడా పెట్టించుకుంటారు. గదిలో ఉన్న అన్నయ్య పేరు మీద ఉన్న సిమ్ వాడుకుందామనుకుంటే సౌదీలో అబ్షిర్ లాంటి ప్రభుత్వ సేవల దగ్గర ఆగిపోతారు. వాటి ఓటీపీలు రావాలంటే నంబరు మీ పేరు మీద ఉండాలి.

కంపెనీల పేర్లు తెలిసి ఉంటే కొట్టువాడు అంటగట్టింది తీసుకోవక్కర్లేదు. యూఏఈలో ఇత్తిసలాత్ (ఇప్పుడు ఈ అండ్ అని పేరు), డు, వర్జిన్ మొబైల్. సౌదీలో ఎస్‌టీసీ, మొబైలీ, జైన్. ఖతర్‌లో ఊరిడూ, వొడాఫోన్. ఒమన్‌లో ఈ రెండిటితోపాటు ఒమన్‌టెల్. సింగపూర్‌లో సింగ్‌టెల్, స్టార్‌హబ్, ఎం1, సింబా. వీటిలో తక్కువ ధరకి పేరున్నది సింబా. మలేసియాలో హాట్‌లింక్, సెల్‌కామ్‌డిజి, యూ మొబైల్. ప్యాకు ధర చూడగానే రూపాయల్లోకి మార్చి అమ్మో అనడం కాదు, నెలకి జీబీ ఎంత పడుతుందో లెక్క కట్టండి. వారం ప్యాకు చవగ్గా కనిపించినా నాలుగుసార్లు వేస్తే నెల ప్యాకుని మించిపోతుంది. ప్యాకు అయిపోయాక మెయిన్ బ్యాలెన్సులోంచి నెట్టుకి కోసుకోవడం చాలాచోట్ల ఉంది. ప్యాకు లేనప్పుడు నెట్టు ఆగేలా పెట్టమని కొట్లోనే అడగండి.

మీకెంత నెట్టు కావాలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. వాట్సాప్ మాటల కాలు నిమిషానికి అర ఎంబీ చుట్టుపక్కల. వీడియో కాలు నిమిషానికి 5 ఎంబీ. రోజూ రాత్రి 40 నిమిషాలు ఇంటికి వీడియో కాలు చేస్తే 200 ఎంబీ, నెలకి 6 జీబీ. దీనికి అక్షరాలు, ఫొటోలు, మ్యాపులు కలిపినా 8 జీబీ దాటదు. మిగతాదంతా రీల్సు, యూట్యూబు. అవి గంటకి అర జీబీకి పైనే లాగేస్తాయి. కాబట్టి పెద్ద ప్యాకు ఇంటి కాలు కోసం కొంటున్నామనుకోకండి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి, కాల్స్‌కి తక్కువ డేటా వాడే అవకాశాన్ని ఆన్ చేసి, ఫొటోలు వీడియోలు వాటంతటవి దిగకుండా ఆపండి. ఊరి గ్రూపుల్లో సిరిమాను సంబరం రోజు వచ్చే వీడియోలే ఒక జీబీ ఉంటాయి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్, ప్లే స్టోర్ అప్‌డేట్లు వైఫైలో మాత్రమే అని పెట్టండి. గదిలో ఐదారుగురు ఉంటే అందరూ కలిసి ఒక వైఫై కనెక్షన్ పెట్టించుకుని, బయట తిరగడానికి ఎవరికి వారు చిన్న ప్యాకు ఉంచుకోవడం అన్నిటికన్నా చవక. అన్‌లిమిటెడ్ అని రాసినా ఒక హద్దు దాటాక వేగం తగ్గించేస్తారు, హాట్‌స్పాట్ ఇవ్వడం కొన్ని ప్యాకుల్లో కుదరదు. ఈ రెండూ ముందే అడగాలి.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు నెట్టు ధర కన్నా ముందు తెలుసుకోవలసినది కాలు వెళ్తుందా లేదా అన్నది. యూఏఈ, ఒమన్‌లలో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ ఆపేసి ఉంటాయి. ఎంత ఖరీదైన ప్యాకు వేసినా కాల్ కలవదు. యూఏఈలో అనుమతి ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి: బోటిమ్, గూగుల్ మీట్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్. బయల్దేరే ముందే వీటిలో ఒకటి ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో వేసి, ఎలా ఎత్తాలో ఒకటికి రెండుసార్లు చేయించి చూపించండి. అక్కడికెళ్ళాక అమ్మకి ఫోన్‌లో చెప్పి యాప్ వేయించడం అయ్యే పని కాదు. ఆపేసిన కాల్స్‌ని దొడ్డిదారిన నడిపించే వీపీఎన్ యాప్‌లు ఎవరో చెప్పారని వేసుకోకండి. నేరం చేయడానికి గానీ అది బయటపడకుండా ఉండడానికి గానీ వాడితే యూఏఈ చట్టంలో జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాంల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్, సింగపూర్, మలేసియాలలో వాట్సాప్ కాల్స్‌కి ఈ గొడవ లేదు.

ఇంటి దగ్గర కీప్యాడ్ ఫోనే ఉంటే యాప్‌లతో పని లేదు. అక్కడి కంపెనీలు ఇండియాకి నిమిషాల ప్యాకులు అమ్ముతాయి, తోటల మధ్య 4జీ నిలవని కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళకి ఇదే నయం. కాకపోతే నంబరుకి ముందు కొట్టమని ఆ ప్యాకులో చెప్పిన అంకెలు కొట్టి చెయ్యాలి. ఊరికే ప్లస్ 91 కొడితే మామూలు రేటు పడే ప్యాకులున్నాయి.

పది రోజులు చూసి రావడానికి వెళ్ళేవాళ్ళకి ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకే దించుకునే సిమ్, బాగుంటుంది. *#06# కొడితే ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని ఒక పొడుగాటి నంబరు కనిపిస్తే మీ ఫోనుకి ఈసిమ్ పడుతుంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి పట్టదు. ఐరాలో, నోమాడ్ లాంటి యాప్‌లలో 1 జీబీ సుమారు 4, 5 డాలర్లు. ఇంట్లో వైఫై మీదే దించుకోండి. దించుకోవడానికి వాళ్ళిచ్చే క్యూఆర్ కోడ్ చాలావరకు ఒక్కసారికే పనిచేస్తుంది, పొరపాటున ఈసిమ్ డిలీట్ చేస్తే డబ్బు పోయినట్టే. కొనేటప్పుడు కార్డు పనిచేయకపోతే కార్డుది తప్పు కాదు: 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులకి విదేశీ చెల్లింపులు ఆపి ఇస్తారు, బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. ఈసిమ్‌తో అందరూ తికమకపడేది ఏమిటంటే, అది తానే రోమింగ్ మీద నడిచే సిమ్ కాబట్టి దానికి డేటా రోమింగ్ ఆన్ ఉండాలి, ఇండియా సిమ్‌కి ఆఫ్ ఉండాలి. రెండూ ఆఫ్ చేసి నెట్టు రావడం లేదని యాప్‌ని తిట్టేవాళ్ళే ఎక్కువ.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండడానికి విజయనగరం నుంచి వెళ్ళే పెద్దవాళ్ళకి దారి వేరు. పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను కలిపేయడమే చవక. ఇక్కడ కొన్న ఫోన్లలో చాలావాటికి అక్కడి కంపెనీలు సిగ్నల్ పంపే 12, 13, 71 బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీలు) పట్టవు. రోడ్డు మీద పనిచేసి ఇంట్లోకి వచ్చేసరికి సిగ్నల్ పోతుంది. పైగా ఏటీ అండ్ టీ తన జాబితాలో లేని ఫోన్లని ఒప్పుకోదు. ఇక్కడి ఫోన్‌తో వెళ్తే టీ-మొబైల్ మీద ప్రయత్నించడం మంచిది.

ఎయిర్‌పోర్టులో ఏజెంటో, తెలిసినవాళ్ళ తాలూకు అంటూ ఎవరో నాలుగు ఇండియా సిమ్‌లు ఇచ్చి అక్కడ ఫలానావాళ్ళకి ఇవ్వమంటే తీసుకోకండి. మీ పేరు మీద అదనపు సిమ్ తీసి ఇమ్మన్నా అంతే. ఉద్యోగాలని నమ్మించి కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన కేసు 2024లో విశాఖలోనే బయటపడింది. అలాంటి చోట్లకి వెళ్ళే సిమ్‌లు ఇలాగే వెళ్తాయి. 2023 టెలికాం చట్టం ప్రకారం మోసపు దారిలో సిమ్ తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

కాంట్రాక్టు అయిపోయి తిరిగొచ్చేటప్పుడు అక్కడి సిమ్ వెంటనే పారేయకండి. చివరి లెక్కల డబ్బు అక్కడి బ్యాంకు ఖాతాలో పడ్డాక, దాన్ని ఇండియాకి పంపడానికి ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. బయల్దేరే ముందే దానికి కూడా రోమింగ్ ఆన్ చేయించి, చిన్న ప్యాకు వేసి తెచ్చుకుని, డబ్బు మొత్తం చేతికొచ్చాకే ఆపించండి. పోస్ట్‌పెయిడ్ లైను తీసుకుని ఉంటే మాత్రం అక్కడే బిల్లు కట్టి, మూసేసినట్టు కాగితం తీసుకుని విమానం ఎక్కండి.