బుల్లెట్టు బండి పుట్టిల్లు వెతుక్కుంటూ

ఎన్‌ఫీల్డ్ పేరుతో లండన్‌లో మూడు రైల్వే స్టేషన్లున్నాయని నాకు రైలు దిగాక తెలిసింది. ఎన్‌ఫీల్డ్ టౌన్, ఎన్‌ఫీల్డ్ చేజ్, ఎన్‌ఫీల్డ్ లాక్. నేను వెళ్లాల్సింది మూడోదానికి, దిగింది మొదటిదాంట్లో. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో బోర్డు మీద ఆ పేరు కనపడగానే మిగతాది చదవకుండా పరిగెత్తి ఎక్కేశాను. ఈస్ట్ హామ్‌లో ఉండే మా చెల్లెలు పొద్దున్నే చెప్పింది కూడా. "అన్నయ్యా, లండన్ వచ్చి టవర్ బ్రిడ్జి చూడకుండా తుపాకుల ఫ్యాక్టరీ ఏంటి? సరే వెళ్లు, కానీ మ్యాప్ చూసుకుని వెళ్లు." చూసుకోలేదు.

తుపాకుల ఫ్యాక్టరీ ఏంటో చెప్పాలంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి. ఆయన కాకినాడలో ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఆయన భుజాన ఉన్నది త్రీ నాట్ త్రీ రైఫిల్. డ్యూటీ దిగాక ఆయన కాళ్ల మధ్య ఉన్నది 1974 మోడల్ బుల్లెట్టు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రైఫిల్ సర్కారుది కాబట్టి వెనక్కిచ్చేశారు. బండి మాత్రం ఇప్పటికీ మా వరండాలోనే ఉంది. ఆర్నెల్ల కిందట, ఇంజిన్‌లో బిగువు వదిలించే డీకంప్రెషన్ లివర్ వైరు తెగింది, అప్పట్నుంచి దుమ్ము పట్టి నిలబడి ఉంది. అది వరండాలో సగం తినేసిందని అమ్మ గొడవ.

ఆ బండి స్టార్ట్ చెయ్యడం ఒక పూజలా ఉండేది. పెట్రోల్ ట్యాపు తిప్పాలి. తాళంచెవి పెట్టి తిప్పాలి. కిక్కుని నెమ్మదిగా తొక్కుతూ కాలికి బిగువు తగిలేదాకా వెళ్లాలి. అప్పుడు ఎడంచేత్తో ఆ డీకంప్రెషన్ లివర్ నొక్కిపట్టి, ముందున్న అమ్మీటర్‌లో ముల్లు మధ్యకి వచ్చిందో లేదో చూసుకుంటూ ఇంకొంచెం తొక్కాలి. ముల్లు మధ్యకి రాగానే లివర్ వదిలేసి, కిక్కు మళ్లీ పైకి తెచ్చి, ఒక్క తన్ను. ముల్లు చూడకుండా తొందరపడి తన్నితే కిక్కు తిరగబడి పిక్క మీద కొడుతుంది. నాకు ఇంటర్ చదివే రోజుల్లో అలా తగిలి వారం రోజులు కుంటాను. దానికి తోడు గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి. మిగతా బళ్లకి ఉల్టా.

"ఆ తుపాకీ, ఈ బండి రెండూ ఒక్కచోట పుట్టినవేరా, రెండిటి పేరూ ఎన్‌ఫీల్డే" అని నాన్న చెప్పేవారు. నేను నమ్మేవాణ్ని కాదు. బడిలో సోషల్ మాస్టారు 1857 పాఠంలో ఎన్‌ఫీల్డ్ తుపాకులు, ఆవు కొవ్వు, పంది కొవ్వు అని చెబుతున్నప్పుడు వెనక బెంచీలోంచి ఒకడు "బుల్లెట్టు బండి వాళ్లదా మాస్టారూ?" అని అడిగి తన్నులు తిన్నాడు. పాపం, వాడు అడిగింది మంచి ప్రశ్నే. ఆఫీసు పని మీద రెండు వారాలు లండన్‌లో ఉండాల్సి వచ్చేసరికి, ఆ సంగతేదో తేల్చుకుందామనుకున్నాను.

పొరపాటున దిగిన ఎన్‌ఫీల్డ్ టౌన్‌లో చూడదగ్గది ఒకటుంది. ప్రపంచంలో మొదటి ఏటీఎమ్ అని చెప్పే మెషీన్‌ని 1967 జూన్ 27న ఇక్కడి బార్‌క్లేస్ బ్యాంకు గోడలో పెట్టారు. కార్డు లేని కాలం కాబట్టి కాగితం ఓచరు పెడితే 10 పౌండ్లు వచ్చేవి. గోడకున్న ఫలకం ఫొటో తీసుకుని, 121 నంబరు బస్సెక్కి ఎన్‌ఫీల్డ్ లాక్ వైపు బయల్దేరాను. అరగంట పైనే పట్టింది.

లాక్ అంటే తుపాకీకి సంబంధించిన మాటే అనుకుంటూ వెళ్లాను. తుపాకీ పేల్చే యంత్రాన్ని ఇంగ్లీషులో లాక్ అనే అంటారు మరి. తీరా చూస్తే అది మన లాకు! కాలువ మీద, రెండు వైపులా తలుపులు, మధ్యలో నీటి తొట్టి, పడవ లోపలికొచ్చాక తలుపు మూసి నీళ్లు ఎక్కించడమో దించడమో. గోదావరి కాలువల పక్కన పెరిగినవాడికి ఎవరూ వివరించక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా చిన్నప్పుడు చూసిన లాకుల్లాంటిదే, కాకపోతే దీని తలుపులకి నలుపు తెలుపు రంగులు, పక్కన పూలకుండీలు. ఒక ముసలాయన పొడవాటి దూలాన్ని వీపుతో తోస్తూ తలుపు తెరుస్తున్నాడు. మావైపు లాకుల్లో ఇప్పుడు పడవలూ తగ్గాయి, చాలాచోట్ల తలుపులూ తుప్పుపట్టాయి. అది చూస్తూ కూర్చుంటే తుపాకీ సంగతి కాసేపు మర్చిపోయాను.

ఆ కాలువ లీ నది మీదిది. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. త్రీ నాట్ త్రీ అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. పక్కన లీ నది, ఊరు ఎన్‌ఫీల్డ్, ఇంకేం, నది పేరూ ఊరి పేరూ కలిపి పెట్టారనుకుంటాం కదా. కాదు. ఆ లీ ఒక మనిషి, జేమ్స్ పారిస్ లీ. స్కాట్లాండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో తుపాకులు తయారుచేసినవాడు. గుండు వెయ్యగానే వెనక్కి లాగి ముందుకి తోసే బోల్టు, కింద మ్యాగజైను ఆయన ఆలోచన. నదికీ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదు.

మరి ఎన్‌ఫీల్డ్ అన్న రెండో సగం ఎక్కడిది? దీని సంగతి నాకు బాగా నచ్చింది. తుపాకీ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి, వాటివల్లే గుండు గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. 1888లో వచ్చిన లీ మెట్‌ఫర్డ్ రైఫిల్‌లో మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరు రూపొందించిన లోతు తక్కువ గాడులుండేవి. పాత నల్ల తుపాకిమందు వాడినంతకాలం బాగానే ఉంది. కార్డైట్ అనే కొత్త మందు వచ్చేసరికి దాని వేడికి ఆ గాడులు తొందరగా అరిగిపోయాయి. అప్పుడు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ వాళ్లు ఇంకా లోతైన గాడులు కోశారు, 1895లో మెట్‌ఫర్డ్ పేరు పోయి ఎన్‌ఫీల్డ్ పేరు వచ్చింది. అంటే మా నాన్న పుల్‌త్రూ తాడుకి గుడ్డ కట్టి నూనె రాసి గొట్టంలోంచి లాగుతూ అన్నేళ్లూ తుడిచింది సరిగ్గా ఆ పేరునే. ఆ తాడు, ఇత్తడి నూనె సీసా రైఫిల్ బట్‌లోనే మూత కింద దాచి ఉండేవి. చిన్నప్పుడు ఆయన ఆ మూత తెరిచి చూపించడం నాకు మ్యాజిక్కులా ఉండేది.

ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. 1816 ప్రాంతంలో ఈ నీళ్ల ఒడ్డున మొదలైన రాయల్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీని 1988లో మూసేశారు. ఆ స్థలంలో ఇళ్లు కట్టి ఎన్‌ఫీల్డ్ ఐలాండ్ విలేజ్ అని పేరు పెట్టారు. 1850ల్లో అమెరికా నుంచి మెషీన్లు తెప్పించి పెట్టిన పెద్ద షెడ్డు మాత్రం మిగిలింది, పసుపు ఇటుక గోడలు, పైన గడియారం. ఏ తుపాకీలోని ముక్క ఇంకో తుపాకీకి పెట్టినా సరిపోయేలా ఒకే కొలతన చెయ్యడం బ్రిటన్‌లో ఇక్కడే బాగా పట్టుబడింది. 1853 నమూనా రైఫిల్ తయారైంది ఇక్కడే. దాని తూటా కాగితం చివర పళ్లతో కొరికి మందు పొయ్యాలి, ఆ కాగితానికి పూసిన కొవ్వు ఏ జంతువుదన్న దగ్గరే బారక్‌పూర్‌లో, మీరట్‌లో నిప్పంటుకుంది. ఇప్పుడా షెడ్డులో దుకాణాలు, ఆఫీసులు. ముందు పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. దారి పేరు ఆర్డ్‌నెన్స్ రోడ్డు, అంటే ఆయుధాల రోడ్డు, లోపల ఒక వీధి పేరు మార్టినీ డ్రైవ్. మార్టినీ అన్నదీ తుపాకీ పేరే. ఆ వీధిలో ఒకావిడ బట్టలారేస్తోంది, తన చిరునామాలో తుపాకీ ఉందని ఆవిడకి తెలుసో లేదో.

ఇంకో మాట. మన ఆర్మీ ఎల్‌ఎమ్‌జీగా, అంటే లైట్ మెషీన్ గన్‌గా వాడిన బ్రెన్ గన్ పేరులోనూ ఈ ఊరు దాక్కుని ఉంది. చెక్ దేశంలోని బ్రనో ఊరి నుంచి బీఆర్, ఎన్‌ఫీల్డ్ నుంచి ఈఎన్. రెండు ఊళ్లు కలిస్తే ఒక తుపాకీ.

ఇన్ని దొరికాయి కానీ బండి జాడే లేదు. అక్కడ ఒక్క మోటార్ సైకిల్ కూడా తయారవలేదు. సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేసి, "నువ్వు చెప్పింది తప్పు నాన్నా, బండి ఇక్కడ పుట్టలేదు" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "సరిగ్గా చూశావా?" అన్నారు.

శనివారం యూస్టన్‌లో రైలెక్కి బర్మింగ్‌హామ్, అక్కణ్నుంచి లోకల్ రైల్లో రెడిచ్ వెళ్లాను. లైను చివరి స్టేషన్. ఎన్‌ఫీల్డ్‌కి ఇది నూట యాభై కిలోమీటర్లకి పైనే. రెడిచ్ సూదుల ఊరు. విక్టోరియా రాణి కాలంలో ప్రపంచంలో వాడే సూదుల్లో అత్యధిక భాగం ఇక్కడా చుట్టుపక్కలా తయారైనవేనట. ఊరి బయట ఫోర్జ్ మిల్ అనే నీటి చక్రం మిల్లుని సూదుల మ్యూజియంగా ఉంచారు. వేల సూదుల్ని గోనెగుడ్డలో పేర్చి, సబ్బు, రాపిడి పొడి వేసి మూట కట్టి, ఆ మూటల్ని బరువైన చెక్కల కింద గంటలకొద్దీ దొర్లిస్తారు. ముందూ వెనక్కీ దొర్లుతుంటే సూదులు ఒకదానికొకటి రాసుకుని మెరుపు తేలతాయి. చపాతీ కర్రతో దొర్లిస్తున్నట్టే ఉంది. అదయ్యాక మొనలు తీసేవాళ్ల గురించి చదివాను. రాతి చక్రం మీద సూదికి మొన పెడుతుంటే లేచే ఇనుము, రాయి పొడి పీల్చి ఆ పనివాళ్లు నడివయసు రాకుండానే పోయేవాళ్లు. కూలి మాత్రం ఎక్కువిచ్చేవారట. అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

బండి మొదలైంది ఈ సూదుల్లోంచే. 1851లో జార్జ్ టౌన్‌సెండ్ అనే ఆయన ఇక్కడి హంట్ ఎండ్‌లో సూదుల కంపెనీ పెట్టాడు. తర్వాత సైకిళ్ల భాగాలు, సైకిళ్లు. 1891లో అది ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్‌ల చేతికొచ్చింది. వాళ్లకి ఒక పెద్ద ఆర్డరు దొరికింది, ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీకి రైఫిల్ భాగాలు చేసిపెట్టడం. ఆ సంతోషంలో తమ కొత్త సైకిలుకి ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ పేరులోని రాయల్ కూడా తెచ్చుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్నారు. గుర్తుగా ఫిరంగి బొమ్మ, ‘తుపాకీలా తయారైంది’ అనే నినాదం. 1901లో సైకిలుకి ఇంజిన్ వచ్చింది, 1932లో బుల్లెట్ అనే మోడల్ వచ్చింది. ఇదంతా చదివాక నాన్నకి చెప్పిన మాట కొంచెం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒక్కచోట పుట్టలేదు కానీ, ఆ తుపాకుల్లో కొన్ని ముక్కలు ఈ ఊళ్లో పుట్టాయి.

స్టేషన్ నుంచి హ్యూయెల్ రోడ్డు పట్టుకుని నడిస్తే పాత ఫ్యాక్టరీ స్థలం వస్తుంది. 1967లో మూతపడింది. అప్పటికే మద్రాసు దగ్గర తిరువొత్తియూర్‌లో ఎన్‌ఫీల్డ్ ఇండియా నడుస్తోంది. 1955లో ఇక్కడివాళ్లూ మద్రాస్ మోటార్స్ వాళ్లూ కలిసి పెట్టిన కంపెనీ అది. మొదట్లో భాగాలు ఓడల్లో ఇక్కణ్నుంచి వెళ్లేవి, తర్వాత అచ్చులే వెళ్లాయి. 1977లో మద్రాసు బుల్లెట్లు ఓడెక్కి ఇంగ్లండుకే అమ్మకానికొచ్చాయి. మా నాన్న బండి ఆ తిరువొత్తియూర్ బండే.

హ్యూయెల్ రోడ్డు మీద బోర్డు కనపడగానే నాకు నవ్వొచ్చింది. ‘ఎన్‌ఫీల్డ్ ఇండస్ట్రియల్ ఎస్టేట్’. ఊరి పేరు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ పేరు సైకిలుకి, సైకిలు పేరు బండికి, బండి పేరు మళ్లీ ఇంకో ఊళ్లో ఒక స్థలానికి. వెనక ఎర్ర ఇటుక గోడలు కొన్ని పాతవే. వాటి మధ్య కార్ల గ్యారేజీలు, గోడౌన్లు. పక్క షెడ్డులోంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇండియానా?" అని అడిగాడు. అవునన్నాను. అప్పుడప్పుడూ మీవాళ్లు వస్తుంటారు, బోర్డు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు అన్నాడు. ఆ ఎస్టేటులో అరగంట తిరిగినా ఒక్క బుల్లెట్టూ కనపడలేదు.

అక్కడే గోడ పక్కన నిలబడి నాన్నకి కాల్ చేశాను. సూదులు, సైకిళ్లు, రైఫిల్ ముక్కల ఆర్డరు అన్నీ చెప్పాను. ఫోను తిప్పి బోర్డు చూపించాను. ఆయన బోర్డు చదివి, "మరి నేనన్నది నిజమేగా" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, "ఏరా, అక్కడ డీకంప్రెషన్ వైరు దొరుకుతుందేమో అడిగావా?" అన్నారు.

"ఇక్కడ బళ్లు చెయ్యడం 1967లోనే ఆపేశారు నాన్నా."

"దానికి అంత దూరం ఎందుకురా వెళ్లడం, చెన్నై పుదుప్పేట వెళ్తే దొరికేది కదా" అన్నారు. వెనకనుంచి అమ్మ, వైరు దొరక్కపోతే మంచిదే, పాత ఇనుము వాడిని పిలవమను అంటోంది.