బియ్యం బస్తా పట్టే స్పోర్ట్స్ కారు

లైటు తీసేసి పడుకున్నాక కూడా మూల మీది స్పీడ్ బ్రేకరే బుర్రలో తిరుగుతోంది, అందుకే లేచి ఇది టైప్ చేస్తున్నా. ఇంటామె "ఫోన్ ఎలుతురు కండ్లల్ల కొడుతంది" అని అటు తిరిగి పడుకుంది.

సంగతేంటంటే మా బామ్మర్దికి మళ్లీ కారు పిచ్చి లేచింది. ఈసారి పోర్షే 911. కొత్తదైతే షోరూం ధరే కోట్లలో ఉంటుంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌కే దిగాడు, అదే వాడి దృష్టిలో పొదుపు. వీడిలా గ్రానైట్ వ్యాపారం చేసేవాళ్లకు చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో ఎప్పుడు ఆడదో ఆ దేవుడికే తెలియాలి. హైదరాబాద్‌లో పాత లగ్జరీ కార్లు అమ్మే ఒకాయన, వీడు నిజంగా కొనే పార్టీయే అని నమ్మకం కుదిరాక, మనిషినిచ్చి కారును ఇక్కడిదాకా పంపాడు. కరీంనగర్‌కు కాకుండా హన్మకొండలో మా ఇంటికే ఎందుకు రప్పించాడో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా మామ కంట పడితే అంతే సంగతులు.

"బావా, నువ్వు నడిపి చెప్పు. ఉత్తగ షోకు కాదు, రోజు వాడుకుంట" అన్నాడు. రోజు అంటే ఎక్కడికిరా, క్వారీకా అంటే "క్వారీకి బొలెరో ఉన్నది కదా. ఆఫీసుకు, పెండ్లిళ్లకు, హైదరాబాద్‌కు" అన్నాడు. కారు తెచ్చినతనిదీ అదే పాట. రోజూ నడుపుకునే స్పోర్ట్స్ కారు సార్, రోజూ నడుపుకునే స్పోర్ట్స్ కారు సార్. నిజానికి అందులో అబద్ధమేమీ లేదు, 911కు మొదటి నుంచీ ఉన్న పేరే అది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో దాన్ని 901 అని చూపించారు, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రెంచ్ కార్ల కంపెనీ ప్యూజో వాళ్లు అడ్డం పడితే 911 అయింది. ఇంజన్ వెనక చక్రాల కంటే వెనక ఉంటుంది కాబట్టి డిక్కీ ముందుకొచ్చింది, లోపల వెనక రెండు బుల్లి సీట్లకు చోటు దొరికింది. ఆ బుల్లి సీట్లో మా చిన్నోడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, సూపర్ ఉంది నాన్నా అన్నాడు. వాడి మాట లెక్కలోకి రాదు.

ఇంటామె అడిగింది ఒక్కటే. "బియ్యం బస్తా పడతదా?" కారు తెచ్చినతను బిత్తరపోయి, 132 లీటర్లు మేడమ్ అన్నాడు. లీటర్లేంది నాకు, బస్తా చెప్పు అంది. ఇరవై ఐదు కిలోల బస్తా పెట్టి చూపించాం. పట్టింది. పక్కన కూరగాయల సంచికి కూడా చోటు మిగిలింది. అక్కడితో ఆమెకు ఆ కారు మీద ఉన్న ఆసక్తి అయిపోయింది.

ఇక స్పీడ్ బ్రేకర్. మా మూలింట్లో ఒక లెక్చరర్ సారు ఉంటాడు. కాలనీలో సీసీ రోడ్డు పడ్డ వారానికే తన ఇంటి ముందు సొంతంగా కంకర, సిమెంటు పోయించి ఒక దిమ్మె కట్టించాడు. దాన్ని స్పీడ్ బ్రేకర్ అనాలట. రోడ్లకు కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన లెక్కలో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తుంటే 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే ఇటు నుంచి అటు పన్నెండడుగులు, బండి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగేలా. సారుది ఆరంగుళాల ఎత్తు, అడుగున్నర వెడల్పు. రంగు లేదు, ముందు బోర్డు లేదు. రాత్రిపూట తెలియనివాడు బైక్ మీద వస్తే నేరుగా సారు గేట్లోకే పోతాడు. మా స్విఫ్ట్ అడుగు భాగం దానికి ఎన్నిసార్లు తాకిందో, తాకిన ప్రతిసారీ నేను ఏమనుకున్నానో ఇక్కడ రాయలేను. కాలనీ మీటింగ్‌లో ఎత్తితే, పిల్లల క్షేమం కోసం అంటాడు. పిల్లల క్షేమం అన్నాక ఎవడు నోరెత్తుతాడు?

ఈ కారుకు ముక్కు పైకి లేపే బటన్ ఉంది. నొక్కితే ముందు భాగం నాలుగు సెంటీమీటర్ల దాకా లేస్తుంది. లేపాను. పక్కనున్నతను "అడ్డం సార్, అడ్డం తిప్పండి" అంటున్నాడు, స్టీరింగ్ తిప్పి ఒక్కో చక్రాన్నే ఎక్కించుకుంటూ నత్తనడకన దాటిస్తున్నా, వెనక ట్రాలీ ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయట్లేదు. మధ్యలో అడుగున ఎక్కడో జర్రున గీరింది. పక్కనున్నతని ముఖంలో రక్తం లేదు. సారు లుంగీ పైకి కట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, అద్దం దించిన నన్ను చూసి "నెమ్మదిగ పోవాలెననే కదా ఏసింది" అన్నాడు. నవ్వుతూ. ఆ నవ్వే నిద్ర పట్టనివ్వట్లేదు.

తర్వాత నయీంనగర్, కేయూ క్రాస్ దాకా మామూలే. ఇంత బండి అయ్యుండి ట్రాఫిక్‌లో మా స్విఫ్ట్ కన్నా బుద్ధిగా నడిచింది, గేర్లు ఎప్పుడు మారుతున్నాయో తెలియదు, అద్దాల్లోంచి అన్నీ కనిపిస్తాయి. రింగ్ రోడ్డు ఎక్కాక దులుపుదాం అనుకున్నా. అక్కడ సగం రోడ్డు వడ్లే. మధ్యాహ్నం జల్లు పడిందిగా, టార్పాలిన్లు కప్పి, ఎగరకుండా చుట్టూ బండరాళ్లు పెట్టారు. రైతును ఏమంటాం, ఆరబోసుకోవడానికి కల్లం ఎక్కడుంది వాళ్లకు? కానీ గంటకు 293 కిలోమీటర్లు పోయే బండిని రాళ్ల వరుస పక్కన నలభైలో పోనిస్తుంటే నా మీద నాకే జాలేసింది. తడి రోడ్డు మీదికి రాగానే వెట్ మోడ్ పెట్టుకోమని తెర మీద అడిగింది. ముందు చక్రాల దగ్గర మైకుల్లాంటివి ఉంటాయట, టైరు చిమ్మే నీళ్ల చప్పుడు విని రోడ్డు తడిసిందని కనిపెడుతుంది.

వడ్లు అయిపోయాక ఖాళీ రోడ్డు దొరికింది. తొక్కాను. వెనక నుంచి ఎవరో రెండు చేతులతో నెట్టినట్టయింది, చిన్నోడు కేక పెట్టాడు, నేనూ పెట్టాననుకుంటా. మళ్లీ వడ్లు వచ్చాయి.

ఇంటికొచ్చాక బామ్మర్ది "ఎట్లుంది బావా" అంటే, బండి మస్తుంది గానీ రోజువారీకి మన దగ్గర పనికిరాదురా అన్నాను. స్టెప్నీ కూడా లేదు, పంక్చరైతే లోపల మందు పోసి గాలి కొట్టుకోవాలి. సర్వీసుకు వేరే ఊరికి పోవాలి. వాడు ముఖం మాడ్చుకున్నాడు.

అప్పటికి నాకు అదే కరెక్ట్ అనిపించింది. రాత్రి అన్నం తింటుంటే చిన్నబాపు (మా బాపు తమ్ముడు) యమహా ఆరెక్స్ హండ్రెడ్ బైకు గుర్తొచ్చింది, అక్కడి నుంచి మొదలైంది తిరకాసు.

ఆ రోజుల్లో మా ఊరికి అదే స్పోర్ట్స్ కారు. 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఇవాళ నేను నడిపినదాంట్లో 385, అంటే లెక్కకు సరిగ్గా ముప్పై అయిదింతలు, కానీ చిన్నబాపు ఆక్సిలరేటర్ తిప్పితే హుజూరాబాద్ బస్సు వెనకే ఉండిపోయేది. మరి దాన్ని ఆయన షోకుకు పెట్టుకున్నాడా? పొద్దున రెండు వైపులా పాల క్యాన్లు. పగలు పత్తికి కొట్టే మందు డబ్బాలు. అర్ధరాత్రి నాయినమ్మకు దమ్ము ఎక్కువైతే నడుమ కూర్చోబెట్టుకుని, వెనక బాపు పట్టుకుని, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ బండి మీదే.

1994 మేడారం జాతరకు నన్ను ట్యాంకు మీద, చిన్నమ్మను వెనక, ఆమె ఒళ్లో బంగారం మూటను (బెల్లమే, జాతరకు పోయేవాళ్లు బెల్లం అనరు కదా) కూర్చోబెట్టుకుని పోయాడు. ములుగు దాటి అడవిలోకి పోయాక బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎడ్లబండ్లు పక్క నుంచి పోతున్నాయి, దుమ్ము, చిన్నమ్మ తల్లులకు దండాలు పెడుతోంది. చిన్నబాపు తొందరపడలేదు. సీటు కింది నుంచి పానా తీసి ప్లగ్గు విప్పాడు. నూనెతో నల్లగా తడిసి ఉంది. బనీను కొసతో తుడిచి, అగ్గిపెట్టె పక్కనుండే గరుకు పట్టీని చింపి ఆ రెండు కొనల మధ్య పెట్టి మెల్లగా రుద్దాడు, ఉఫ్ అని ఊది, ఎండకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. బిగించి ఒక్క కిక్కు కొడితే నీలం పొగ, ఆ ఆరెక్స్ కూత. జంపన్న వాగు ఇసుకలో మాత్రం మేమే నెట్టాం.

కాబట్టి బామ్మర్దికి నేను చెప్పినదాంట్లో పస లేదేమో. బండి రోజువారీదా కాదా అన్నది బండిలో ఉండదు, గీత పడితే పడనీ అనుకునే మనిషిలో ఉంటుంది అని రాయబోయాను. కానీ అదీ కాదు. చిన్నబాపు గీత పడనిచ్చేవాడు కాదు, రాత్రి పడుకునే ముందు ఆ ట్యాంకు తుడవందే నిద్రపోయేవాడు కాదు, మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. అయినా ఎక్కడికైనా తీసుకుపోయేవాడు, ఎందుకంటే ఆగిపోతే విప్పి బాగు చేసే చెయ్యి తనదే. ఈ కారు వెనక మూత తెరిస్తే ఫ్యాన్లు తప్ప ఇంజన్ కంటికి కూడా కనబడదు. అగ్గిపెట్టె ఎక్కడ పెట్టి రుద్దుతాం?

అయితే మా వాడు చిన్నబాపు కాదు, నేనూ కాదు. వాడి ఇన్నోవాకు సొట్ట లేని డోరు లేదు, అడిగితే "బండన్నంక పడతయ్ బావా" అంటాడు. మా చుట్టాల్లో ఒక 911ను నిజంగా పెండ్లిళ్లకు, కూరగాయలకు వాడేవాడంటూ ఉంటే వాడే. నేనైతే ఆ దిమ్మె ఒకసారి గీరితే నెల రోజులు అన్నం తినను. కొంటే కొననీ, నాదేం పోయింది అనిపిస్తోంది ఇప్పుడు.

నాదేం పోయింది అని రాశానా? పదింటికి వాడు ఫోన్ చేశాడు. రేటు కుదిరిందట. మామ చల్లబడేదాకా కారు మా పోర్టికోలో పెడతాడట. కారు వెడల్పు 1.85 మీటర్లు, అద్దాలతో రెండు మీటర్ల పైనే, గేటు కొలిచి చెప్పు బావా అన్నాడు. గేటు పడుతుంది. పోర్టికోలో ఇంటామె పూలకుండీలు, మామిడికాయ జాడీల స్టాండు, చిన్నోడి సైకిలు అన్నీ తీయాలి, మా స్విఫ్ట్ రోడ్డు మీద పెట్టుకోవాలి. ఆమెకు ఇంకా చెప్పలేదు. పొద్దున చాయ్ తాగాక మూడ్ చూసి చెప్తా, లేదంటే వాడినే చెప్పుకోమంటా, వాడి అక్కే కదా.