కడపలో తెలిసిన మా బందరు జడ్జీ

పెళ్ళికని వెళ్ళాను గానీ, నా మనసులో నిలిచింది ఎర్రముక్కపల్లె ఒక్కటే. రాత్రంతా బస్సులో నడుం విరిగి పొద్దున్నే కడపలో దిగాను. ముహూర్తం రాత్రికి. అంతదాకా ఏం చేయాలో తోచక ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ లైబ్రరీకి బయల్దేరాను, తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ పేరు పెట్టింది.

"యాడికి పోవాల సార్?" అన్నాడు ఆటో అతను. చెప్తే నూటయాభై అడిగాడు. ఆ డబ్బుకి మా బందరులో ఊరంతా తిరిగి రావచ్చు! బేరమాడితే నూట ఇరవైకి దిగాడు. కానీ "దొర బంగళా ఉన్న జాగా సార్ అది" అని దారి పొడుగునా చెబుతుంటే నా కోపం చల్లారింది.

లోపల పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయన మాది ఏ ఊరని అడిగారు. చెప్పగానే, "బ్రౌన్ దొర మీ బందరులోనూ జడ్జీగా చేసినాడు కద నాయనా!" అన్నారు. నాకు తల తిరిగినట్టయింది. మా నాన్న బందరు కోర్టులో గుమాస్తా. తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి రాయాల్సి వస్తే ఇంట్లో బ్రౌన్ నిఘంటువు తీసేవారు. ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా వాడాం గానీ, ఆయన మా ఊరి కోర్టులో కూర్చున్నాడని ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టారు. 1820లో బ్రౌన్ కడపకు వచ్చేనాటికి వయసు ఇరవై రెండు కూడా నిండలేదట. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ఒక్కో కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ తెప్పించి, పోల్చి, తప్పులు దిద్ది కొత్త ప్రతులు రాయించాడు. అందుకు అప్పులు కూడా చేశాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి, నిఘంటువు 1852లో. చివరికి ఆ బంగళాకు మొండిగోడలే మిగిలితే, రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు విరాళాలు పోగుచేసి అక్కడే ఈ లైబ్రరీ నిలబెట్టారు.

కడప మీద అసూయ కలిగింది, నిజం. మా ఊరికీ ఆయన మీద అంతే హక్కు ఉంది కదా!

మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పుస్తకం బీరువా పై అరలోనే ఉంది. నువ్వొచ్చాక బైండింగ్ చేయిద్దాం" అన్నారు.