నాలుగు ఆర్డర్లు, ఒక్క పెట్టె: విదేశాలకు పార్శిల్ ఖర్చు తగ్గించుకునే పద్ధతి

మా అక్క డల్లాస్‌లో, పెదనాన్న గారి అబ్బాయి లండన్‌లో ఉంటారు. వాళ్లు ఇక్కడి ఆన్‌లైన్ దుకాణాల్లో కొనేవన్నీ హైదరాబాద్‌లో మా ఇంటికే వస్తాయి. మంగళగిరి చీరలు ఒకచోటి నుంచి, ఏటికొప్పాక బొమ్మలు ఇంకోచోటి నుంచి, పుస్తకాలు, ఇత్తడి దీపాలు, అప్పుడప్పుడు పచ్చళ్లు. వాటిని ఒక పెట్టెలో సర్ది పంపడం నా వంతు. ఏ దుకాణం సరుకు ఆ దుకాణమే నేరుగా విదేశానికి పంపితే, చిన్న వస్తువుల విషయంలో రవాణా ఖర్చు వస్తువు ధరనే దాటిపోతుంది. కలిపితే తగ్గుతుంది. అయితే ఎక్కడ తగ్గుతుందో చూసుకోకుండా కలిపితే పెరిగే సందర్భాలూ ఉన్నాయి.

అంతర్జాతీయ కొరియర్ రేట్లలో అన్నిటికన్నా ఖరీదైనది మొదటి అరకిలో. ఆపైన ప్రతి అరకిలోకూ కలిసేది తక్కువే. నాలుగు పార్శిళ్లు విడిగా వెళ్తే ఆ మొదటి అరకిలో ధర నాలుగుసార్లు కట్టినట్టు. పైగా బరువును సాధారణంగా పై అరకిలోకి లెక్కేస్తారు. 1.1 కిలోల పార్శిల్‌కి 1.5 కిలోల డబ్బు తీసుకుంటారు. అలాంటివి నాలుగైతే 6 కిలోలకు కడతాం. అవే ఒక పెట్టెలో ఉంటే 4.4 కిలోలు, కట్టేది 4.5కి. దుకాణాల అట్టపెట్టెలు తీసేస్తే ఇంకొంచెం దిగుతుంది.

అసలు లెక్క తూకంలో కాదు, పెట్టె సైజులో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదాన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. పెద్ద ఎక్స్‌ప్రెస్ కొరియర్ సంస్థలు దీన్నీ, తూకం బరువునీ పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 45×35×25 పెట్టె 7.875 కిలోలవుతుంది, అంటే 8. పెట్టెతో కలిపి బట్టల తూకం 4.6 కిలోలే అయినా కట్టేది ఎనిమిదికే. అవే బట్టలు 40×30×20 పెట్టెలో పడితే 4.8, కట్టేది 5కి. మూడు కిలోల తేడా కేవలం ఖాళీ జాగాది.

ఇందులో చాలామంది గమనించని చిక్కొకటి ఉంది. పెట్టె మీద అచ్చువేసిన కొలతను కొరియర్ వాళ్లు చూడరు. బాగా ఉబ్బిన చోట కొలుస్తారు. 40×30×20 పెట్టెను కుక్కి కుక్కి నింపితే పక్కలు, మూత ఉబ్బి 42×32×23 అవుతుంది. అది 6.18 కిలోలు, కట్టేది 6.5కి. రెండు మూడు సెంటీమీటర్లకు కిలోన్నర ధర! అందుకే మూత ఒత్తకుండా సమంగా మూసుకునేంత వరకే నింపుతాను. చీరలు, చుడీదార్లు గాలి తీసే కవర్లలో పెడితే బాగా జాగా మిగులుతుంది. జరీ ఉన్న పట్టుచీరకు మాత్రం ఆ కవరు వద్దు. మడతల దగ్గర జరీ విరుగుతుంది. దాన్ని మెత్తటి నూలుబట్టలో చుట్టి పైన పరచడమే మేలు.

నిజంగా ఎక్కువ మిగిలేది బరువైన చిన్న వస్తువునీ, తేలికైన పెద్ద వస్తువునీ జత కలిపినప్పుడు. ఇత్తడి దీపాల పెట్టె 25×20×20, తూకం 6 కిలోలు. సైజు లెక్కలో 2 కిలోలే కాబట్టి కట్టాల్సింది 6కి. బొమ్మలు, బొంత ఉన్న పెట్టె 40×35×25, తూకం రెండున్నర కిలోలే అయినా సైజు లెక్కలో 7. విడిగా పంపితే మొత్తం 13. రెంటినీ 45×35×28 పెట్టెలో సర్దితే సైజు 8.82, తూకం ఎనిమిదిన్నర పైచిలుకు, కట్టేది 9కి. ఇత్తడి కింద, దాని మీద అడ్డంగా మందపాటి అట్ట, ఆపైన బొంతలో పొదిగిన బొమ్మలు. బొంతే ప్యాకింగ్ కూడా అవుతుంది, బబుల్ ర్యాప్ మిగులుతుంది. అదే రెండు తేలిక పెట్టెల్ని ఒక పెద్ద పెట్టెలోకి మారిస్తే పెద్దగా కలిసిరాదు, ఒక్కోసారి సైజు పెరిగి నష్టం. కాబట్టి అక్క ఏదైనా ఆర్డర్ పెట్టే ముందే అడుగుతాను: ఈసారి పుస్తకాలేమైనా కావాలా అని.

పెట్టె విషయంలో ఆదా చూడకూడదు. ఐదు పొరల అట్టపెట్టె, కొత్తది. పాతదైతే మూలలు మెత్తబడి దారిలో కుంగుతుంది. మధ్య గీతకూ రెండు అంచులకూ కలిపి ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా టేపు వేయాలి, పైనా కిందా. ఖాళీ పెట్టె బరువే అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా ఉంటుంది, లెక్కలో మరవద్దు. ఇంట్లో తూచినప్పుడు 8.1 వస్తే ఒక పలచటి పుస్తకం తీసేస్తే 8లో ఉంటుంది, లేదంటే 8.5కి కడతాం. మరోవైపు చాలామంది ఏజెంట్ల దగ్గర 10 కిలోలకు, 20 కిలోలకు కిలో రేటే మారుతుంది. 9.5 కిలోలకు మొత్తం ఎంత, 10కి మొత్తం ఎంత అని రెండూ అడగండి. పదికే తక్కువ పడితే ఆ తీసేసిన పుస్తకాన్ని మళ్లీ పెట్టొచ్చు. చెప్పిన రేటులో ఫ్యూయల్ సర్‌ఛార్జి, జీఎస్టీ కలిశాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. కొరియర్ వాళ్ల హబ్‌లో (పార్శిళ్లు వేరుచేసే కేంద్రంలో) మళ్లీ కొలిచి తేడా వస్తే ఎవరు కడతారో కూడా. కొలతలు, కొలిచే టేపుతో సహా కనిపించేలా ఫొటో తీసి ఉంచుకుంటే వాదన త్వరగా తెగుతుంది.

ఆర్డర్లు ఏ వరుసలో పెట్టాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చేతిలో డబ్బు పోయేది ఇక్కడే. జాకెట్టు కుట్టించాల్సినవి, ఆర్డర్ ఇచ్చాక తయారుచేసేవి ముందు పెట్టాలి. రెండు రోజుల్లో వచ్చేవి చివర్లో. తిరగేసి చేస్తే ముందొచ్చినవాటి రిటర్న్ గడువు మన ఇంట్లోనే దాటిపోతుంది. వచ్చిన ప్రతిదీ ఆ రోజే విప్పి, రంగు, సైజు, చిరుగు చూసి వాట్సాప్‌లో ఫొటో పంపుతాను. డల్లాస్ చేరాక లోపం బయటపడితే వెనక్కి పంపడం అయ్యే పని కాదు. డెలివరీ ఓటీపీకి ఇక్కడి ఫోన్ నంబరే ఇవ్వాలి. అక్కడ అర్ధరాత్రి మోగే ఫోన్‌తో పని జరగదు. ఇలా చూసే మనిషి ఇక్కడ లేనివాళ్లకి పార్శిల్ ఫార్వర్డింగ్ సంస్థలున్నాయి. వాళ్ల గోడౌన్ చిరునామాకే అన్నీ తెప్పించి కలిపి పంపుతారు. ఉచితంగా ఎన్ని రోజులు ఉంచుతారు, పెట్టెలు విప్పి కలపడానికి విడిగా తీసుకుంటారా అనే రెండూ ముందే చూసుకోవాలి.

ఇక కలపకూడనివి. తినేవి బట్టలతో ఒకే పెట్టెలో పెట్టను. నూనె కారుతుందన్న భయం ఒకటే కాదు. అమెరికాకు వెళ్లే ఆహారానికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ప్రయర్ నోటీస్ అనే ముందస్తు సమాచారం ఇవ్వాలి. ఇంట్లో చేసి బహుమతిగా పంపేదానికి మినహాయింపు ఉంది, దుకాణంలో కొన్నదానికి లేదు. ఆ కాగితంలో తేడా వస్తే పచ్చడితో పాటు చీరలూ ఆగిపోతాయి. మాంసం పచ్చళ్లు అమెరికాకూ వద్దు, బ్రిటన్‌కూ వద్దు. బ్రిటన్‌కు పాలకోవా లాంటి పాల సరుకూ కుదరదు. పచ్చి కరివేపాకు అమెరికా రానివ్వదు. పవర్ బ్యాంకులు, సెంటు సీసాలు, గోళ్ల రంగు విమానంలో ప్రమాదకర సరుకు కింద లెక్క. ఇవి ఒక్కటున్నా పెట్టె మొత్తం వెనక్కి వస్తుంది. ఇత్తడి విగ్రహాలు కొత్తవే అయినా పాతకాలపువిగా కనిపిస్తే కస్టమ్స్ వాళ్లు పురావస్తువు కాదన్న ధ్రువపత్రం అడగొచ్చు. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు దేశం దాటకూడదు. దుకాణం బిల్లు పెట్టెతో పాటు ఉండాలి.

సుంకం లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. కలపాలా వద్దా అనే నిర్ణయం కూడా దాంతోనే మారుతుంది. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుకుకు ఉండే మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. అంటే ఇప్పుడు చిన్న పార్శిళ్లుగా విడగొట్టినా సుంకం తప్పదు. పైగా కొరియర్ సంస్థ తీసుకునే క్లియరెన్స్ రుసుము పార్శిల్‌కొకటి పడుతుంది. అందుకే అమెరికాకు కలపడమే లాభం. బ్రిటన్‌కు మాత్రం 135 పౌండ్ల గీత చూసుకోవాలి. విలువ అది దాటితే వ్యాట్‌తో పాటు కస్టమ్స్ సుంకం కూడా వస్తుంది. అలాగని మరీ చిన్నగా విడగొడితే, వ్యాట్ ముందే కట్టని ప్రతి పార్శిల్‌కీ అక్కడ అందజేసే సంస్థ విడిగా రుసుము వసూలు చేస్తుంది. లండన్‌లోని పెదనాన్న గారి అబ్బాయికి పంపేటప్పుడు రవాణాలో మిగిలేదెంత, సుంకంలో పెరిగేదెంత అని రెండూ కాగితం మీద వేసుకుని చూస్తాను. 180 పౌండ్ల సరుకైతే ఒక్కోసారి రెండు పెట్టెలే చవక పడొచ్చు. అయితే వాటిని వేర్వేరు ఆర్డర్లుగా వేర్వేరు రోజుల్లో పంపాలి. ఒకే కొనుగోలును రెండుగా చీల్చి చూపించకూడదు.

గిఫ్ట్ అని రాసేస్తే చాలని చెప్పే ఏజెంట్లున్నారు. అక్క తన డబ్బుతో కొనుక్కున్నది గిఫ్ట్ కాదు. మేం నిజంగా ఇచ్చేవాటికైతే అమెరికాలో ఒక మనిషికి రోజుకి 100 డాలర్ల దాకా, బ్రిటన్‌లో 39 పౌండ్ల దాకా మినహాయింపు ఉంది. అక్కకీ, బావగారికీ, పిల్లలకీ వేర్వేరు బహుమతులుంటే ఒకే పెట్టెలో పెట్టొచ్చు. ఒక్కోటి విడిగా చుట్టి ఎవరిదో పేరు రాయాలి, ఇన్‌వాయిస్‌లోనూ పేరు పేరునా చూపాలి.

ఇన్‌వాయిస్‌లో ‘బట్టలు’ అని రాస్తే పెట్టె ఆగుతుంది. ‘స్త్రీల చీర, నూరు శాతం నూలు, చేనేత, భారత్‌లో తయారు, 3, ఒక్కోటి ఇంత ధర’ అని వరుసకొక వస్తువు, హెచ్‌ఎస్ కోడ్‌తో (కస్టమ్స్ వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే నంబరు) రాయాలి. ధర తగ్గించి రాయను. పెట్టె పోతే నష్టపరిహారం రాసిన విలువను మించి రాదు. పంపేవాళ్ల ఆధార్ లాంటి గుర్తింపు కార్డు కాపీ, అవతలివాళ్ల ఫోన్ నంబరు, ఈమెయిలు తప్పనిసరి. కస్టమ్స్ ప్రశ్న వస్తే కొరియర్ వాళ్లు ముందు ఈమెయిలే పంపుతారు, దానికి జవాబు లేకపోతే పెట్టె గోడౌన్‌లో కూర్చుంటుంది. పెట్టె అందగానే విప్పుతూ వీడియో తీయమని అక్కకు చెబుతాను. దెబ్బతింటే క్లెయిమ్‌కి గడువు తక్కువ, బయటి పెట్టె ఫొటో కూడా అడుగుతారు. అందుకే అన్నీ సరిచూసుకునే దాకా ఆ అట్టపెట్టెను పారేయొద్దంటాను.