ఎక్కడేసినా ఆడేవాడు మాకొద్దన్నాను

సంక్రాంతి టోర్నమెంటుకి మా కాలనీ ఫుట్‌బాల్ జట్టుని ఎంపిక చేసే పని నా మీద పడింది. పొద్దున్నే విజయనగరం అయోధ్య మైదానంలో కుర్రాళ్లని ఆడించి చూసేవాణ్ని. "నీ పొజిషన్ ఏది?" అంటే సగం మంది "ఎక్కడేసినా ఆడతానన్నా" అనేవారు. క్రికెట్ చూసి పెరిగిన అలవాటది. అక్కడ బ్యాటింగ్ వేళ వేరు, బౌలింగ్ వేళ వేరు. ఇక్కడ ముందుకెళ్లి పక్కనుంచి గోల్ ముందుకి బంతి (క్రాస్) వేసినవాడు, బంతి పోయిన మరుక్షణం వెనక కూడా ఉండాలంటే ఎలా? ఒక్క పని బాగా వచ్చినవాళ్లనే ఏరడం మొదలుపెట్టాను.

కీపింగ్ తప్ప ఇంకేదీ రాని కుర్రాణ్ని గోల్‌కి తీసుకున్నాను. 7.32 మీటర్ల వెడల్పు గోల్ ముందు భయం లేకుండా దూకేవాడు దొరకడమే గగనం. కాలితో ఆట మాత్రం అంతంతే. సొంత ఆటగాడు కావాలని కాలితో వెనక్కిచ్చిన పాస్‌ని కీపర్ చేత్తో పట్టకూడదన్న రూలు 1992లో వచ్చింది కదా. అందుకని వాడికి బంతి ఇవ్వొద్దని డిఫెండర్లకి గట్టిగా చెప్పాను. స్పెషలిస్టుని పెట్టుకుంటే వాడికి రాని పనిని పక్కవాళ్లు కాసుకోవాలి, తప్పదు. లెఫ్ట్ బ్యాక్‌కి, అంటే ఎడమపక్క డిఫెండర్‌గా, ఎడమకాలి వాడే కావాలని పట్టుబట్టాను. కుడికాలి వాడైతే ప్రతి బంతికీ లోపలికి తిరుగుతాడు, అవతలి వింగర్ అది ఇట్టే పసిగట్టేస్తాడు.

అసలు గొడవంతా మిడ్‌ఫీల్డ్ దగ్గరే. నేను ఎంచుకున్నది ఓ మెకానిక్‌ని. బంతి లాక్కోవడం, దగ్గరున్నవాడికి ఇచ్చేయడం, అంతే అతని ఆట. చూసేవాళ్లకి ఏమీ కనిపించదు. జెర్సీలకి డబ్బులిచ్చిన మా బావమరిదికి అసలు నచ్చలేదు. "ఏటి బావా, ఆడికి డ్రిబ్లింగే రాదు కదా!" అన్నాడు. ఇలాంటి ఆటే ఆడిన ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ మకెలెలె సంగతి చెప్పాను. 2003లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ స్టార్ ఆటగాడు బెకమ్‌ని కొని, మకెలెలెని ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి అమ్మేసింది. ఆ సీజన్లో రియల్ లీగ్‌లో నాలుగో స్థానానికి పడిపోయింది. 2004-05లో చెల్సీ 38 లీగ్ మ్యాచ్‌ల్లో అవతలివాళ్లని కొట్టనిచ్చింది 15 గోల్సే. ఆ ఘనతంతా ఒక్కడిదే అనను గానీ, అలాంటివాడు లేకపోతే తెలిసొస్తుంది.

మా బావమరిదీ తక్కువ తినలేదు. "మరి 1974 ప్రపంచ కప్ నెదర్లాండ్స్?" అన్నాడు. అందరూ అన్ని చోట్లా ఆడిన జట్టు, నిజమే. కానీ వాళ్లలో ఎక్కువమంది అయాక్స్, ఫెయెనూర్డ్ క్లబ్బుల్లో ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు. మావాళ్లు డ్యూటీకి ముందు దొరికిన గంటలో కలుసుకునేవాళ్లు. ఒకడు చోటు వదిలితే దాన్ని ఎవడు నింపాలో తెలియాలంటే ఆ గంట చాలదు.

చివరికి వాడు మెచ్చిన ఆల్‌రౌండర్‌ని బెంచీ మీద పెట్టాను. ఎవరు పడిపోయినా దింపగలిగేవాడు అక్కడే పనికొస్తాడు. కుర్రాడు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు గానీ, మొదటి మ్యాచ్‌లోనే లెఫ్ట్ బ్యాక్‌కి కాలు పట్టేస్తే దిగి నెట్టుకొచ్చాడు. ఆ మ్యాచ్ గెలిచాం. తర్వాతది పెనాల్టీల్లో పోయింది. తలతో గోల్ కొట్టేవాడు లేని లోటు బాగా కనిపించింది. కంటోన్మెంట్ వైపు ఒకడున్నాడంటున్నారు, ఆదివారం వెళ్లి చూడాలి.